‘ఇయ్య’ పక్కన డబ్బా

నా పనేందని ఎవరన్న అడిగితే టైపు కొట్టుడు అని చెప్పేదాన్ని. రిటైరయ్యేనాటికి బల్ల మీది పలకల వేరే హోదా రాసి ఉండె గని, ఊర్లల్లకెళ్ళి వచ్చేటోళ్ళకు నేను టైపమ్మనే. "టైపమ్మ ఉన్నదా?" అని వాకిట్ల అటెండరును అడిగి సీదా లోపలికొచ్చేటోళ్ళు. ఆఫీసర్లు మారిన్రు, జిల్లాలు మారినయి, రాష్ట్రమే మారింది, నా పేరు మాత్రం మారలే. నల్లగొండల చాన ఏండ్లు, పాలమూరుల డిప్యుటేషన్ మీద కొన్నాళ్ళు, అంతా భూముల ఆఫీసులల్లనే పనిచేసిన. ఎప్పుడు ఏ ప్రమోషనొచ్చిందో రాస్తే చదివేటోళ్ళు నిద్రపోతరు, అందుకే అవి రాస్తలేను.

మొన్న నా పింఛను పని మీద ఒక ఆఫీసుకు పోయిన. కొత్తగ చేరిన పిల్ల కంప్యూటర్ ముందట తల పట్టుకొని కూసున్నది. స్క్రీను నిండ గీతలు, చుక్కలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న ఇంగ్లిష్ అక్షరాలు. "ఫైలు కరాబైంది మేడమ్, తీసేస్తున్న" అన్నది నాతోని. తియ్యకు తల్లీ, జర ఆగు అన్న. ఆ పిల్ల పక్కన కుర్చీ ఏసుకొని చెప్పిందే ఇక్కడ రాస్తున్న, కొంచెం పొడుగు చేసి. ఈ కొలువులల్లకు కొత్తగ వచ్చేటోళ్ళకు పనికొస్తదని నా నమ్మకం.

కరాబు కాలే, కనిపిస్తలేదు

తెలంగాణ వచ్చినంక కొన్నేండ్లకు మా ఆఫీసుకు కొత్త కంప్యూటర్లొచ్చినయి. అప్పటిదాక విండోస్ మీద పనిచేసినం. కొత్తవాటిల్ల లినక్స్ ఏసి పంపిన్రు. ఎందుకేసిన్రన్నది పైవాళ్ళ ముచ్చట, మమ్ముల ఎవరూ అడగలే. పొద్దున పోయేసరికి పాత మిషిన్లు మూలకు పోయినయి, కొత్తవి బల్లల మీదికెక్కినయి. బటన్లు వేరే జాగల ఉన్నయి, రంగులు వేరే ఉన్నయి. అవన్ని నాలుగు దినాలల్ల అలవాటైతయి, వాటికి భయపడే పని లేదు.

అసలు కష్టం పాత ఫైళ్ళు తెరిచినప్పుడొచ్చింది. నేను మొదట ఒక పాత మెమో తెరిచిన. తెలుగు ముక్క లేదు, అంతా టోపీ అక్షరాలే. పక్క సీటాయన వచ్చి వైరస్ అన్నడు. ఇంకొకాయన, పాత రాష్ట్రం ఫైళ్ళు కొత్త రాష్ట్రంల తెరుసుకోవేమో అన్నడు. అందరం నవ్వినం గని లోపల అందరికీ గుబులే. ఏండ్ల తరబడి కొట్టిన కాగితాలన్నీ గట్లనే ఉన్నయి.

సంగతేందో చెప్తా వినుండ్రి. మేము అప్పట్ల తెలుగు కొట్టింది డీటీపీ ఫాంట్లతోని. వాటి లోపల తెలుగు ఉండది. లోపల ఉన్నది ఇంగ్లిష్ అక్షరమే, దాని మీద తెలుగు బొమ్మ తొడిగిన్రు. ఆ ఫాంటు ఉన్న మిషిన్ల అది ‘క’ లెక్క కనిపిస్తది, ఫాంటు లేని మిషిన్ల తొడుగు ఊడిపోయి టోపీ అక్షరం బయటపడ్తది. యూనికోడ్‌ల గట్ల కాదు. అందుల ‘క’ అంటే లోపల గూడ ‘క’నే, ఏ మిషిన్ల తెరిచినా తెలుగే. ఇప్పుడు మీరు ఫోన్లల్ల రాసేది గదే.

అంటే ఆ ఫైలు కరాబు కాలే. మనం కొట్టింది కొట్టినట్టే ఉన్నది, మనకు కనిపిస్తలేదంతే. పాత మిషిన్లకెళ్ళి ఆ ఫాంటు ఫైలును పెన్‌డ్రైవుల తెచ్చి కొత్త మిషిన్ల ఏస్తే మల్ల కనిపిస్తది. ఇది తెలిసేదాక మేం చేసిన పిచ్చిపనులు అన్నిఇన్ని కావు. కొందరు ఆ టోపీ అక్షరాలను సెలెక్ట్ చేసి వేరే ఫాంటు పెట్టి చూసిన్రు. కొందరు మధ్యల తుడిపిన్రు. మూసేటప్పుడు అది అడుగుతది, మార్పులు సేవ్ చెయ్యాల్నా అని. మనోళ్ళకు ఏదడిగినా సరే అనుడు అలవాటు. సరే అన్నకాడికల్లా ఫైలు నిజంగనే కరాబైంది.

కాబట్టి నా మొదటి మాట ఇది. తెరిచినంక వింతగ కనిపిస్తే చెయ్యి తీసెయ్యిండ్రి. సేవ్ చెయ్యమంటదా, వద్దనుండ్రి. దాన్నట్లనే ఉంచి ఇంకో పేరు మీద కాపీ తీసుకొని, మీ ప్రయోగాలన్నీ ఆ కాపీ మీద చేసుకోండ్రి.

బిందెలతోని వచ్చిన ఆడోళ్ళు

అక్షరాలు సరిగ్గ కనిపించినా పనైపోలేదు. పాలమూరుల నేనున్నప్పటి ముచ్చట. ఎండకాలం, నీళ్ళ ట్యాంకరు ఏ ఊరికి ఏ దినం పోవాల్నో కాగితం ఉండె. ఎడమ దిక్కు ఊర్ల పేర్లు, కుడి దిక్కు వారాలు. నాకంటె ముందు పనిచేసినాయన అది కొట్టి పెట్టి పోయిండు. ఆయన గూడ నా లెక్కనే టైపు ఇన్‌స్టిట్యూట్ల నేర్చినోడు. టైపు మిషినుకు టేబుల్ అనేది ఉండది గద, కుడి దిక్కుకు పోవాలంటే స్పేస్ బారును టకటక కొట్టుకుంట పోవాలె. కంప్యూటరొచ్చినా మా తరం వేళ్ళు గదే పని చేసినయి.

పాత సిస్టంల అది సక్కగ కనిపించేది. అది యూనికోడ్‌ల కొట్టిన కాగితం గనుక తెలుగు పోలే గని, కొత్త సిస్టంల ఆ ఫాంటుకు బదులు వెడల్పు ఫాంటొకటి పడ్డది. ఒక ఊరి పేరు పొడుగున్నది, అది తెగి కింది గీతల పడ్డది. ఆ దెబ్బకు కింద ఉన్న వారాలన్నీ ఒక్కో గీత జరిగినయి. ప్రింటు తీస్తే చూడనీకి మంచిగనే ఉన్నది. ట్యాంకరు డ్రైవరు ఆ కాగితం పట్టుకొని ఒక ఊరికి పోవలసింది ఇంకో ఊరికి పోయిండు. నీళ్ళు రాని ఊరి ఆడోళ్ళు ఖాళీ బిందెలతోని వచ్చి మా గేటు కాడ బైఠాయించిన్రు. వాళ్ళు తిట్టిన తిట్లు ఇక్కడ రాసేటివి కావు. మేము తిన్నం, తినవలసిందే.

వరుసలు కావాలంటే టేబుల్ గీసి కొట్టుండ్రి. స్పేస్ బారు రెండు మాటల నడుమ ఒక్కసారి కొట్టేదానికే. ఇది చిన్న ముచ్చట అనిపిస్తది గని, గేటు కాడ బిందెల చప్పుడు విన్నోళ్ళకు చిన్నగ అనిపించది.

ఒట్టి కాగితం మీద సంతకం

నల్లగొండల మాకొక సూపరింటెండెంట్ సార్ ఉండె. పేరెందుకు, ఇప్పటికీ పొద్దున వాకింగుల కలుస్తడు. మా ఆఫీసుల అందరికంటె ఎక్కువ అనుమానం ఆయనకే. పాత సిస్టంల ఒక్క పేజీల పట్టిన సర్క్యులరు కొత్త సిస్టంల రెండో పేజీల పడ్డది. రెండో పేజీల ఏముంది? సంతకం జాగ, కింద ఆయన హోదా, అంతే. నేను చూడకుండ తీస్కపోయి ముందట పెట్టిన. ఆయన కాగితం మలిపి మలిపి చూసి, ఒట్టి కాగితం మీద సంతకం పెట్టి నా ఉద్యోగం ఊడగొట్టుకోమంటవా సుగుణా అన్నడు. రేపు ఆ ఖాళీ జాగల ఎవడేం రాసుకుంటడో అని గంట సేపు క్లాసు పీకిండు.

అప్పుడు నాకు విసుగొచ్చింది గని, ఆయన అన్నది ముమ్మాటికి నిజం. పేజీ ఎక్కడ తెగుతదో సిస్టం మారితే మారుతది. అందుకే బయటికి పోయేది, సంతకం పెట్టేది ఏదైనా పీడీఎఫ్ చేసి పంపుండ్రి, అది ఎక్కడ తెరిచినా జరగది. దిద్దుకునేదాన్ని మీ దగ్గర వేరేగ ఉంచుకోండ్రి. అనుమానం మనిషి పై సీట్ల ఉంటే కిందోళ్ళకు నరకమే, ఒప్పుకుంట. ఆఫీసుకు మాత్రం గసోంటాయన ఒకడుండాలె.

ఎట్లంటే గట్లనే

ఇప్పుడు చెప్పేది అన్నిటికంటె పెద్ద ముచ్చట. దానికి ముందు వాంగ్మూలం గురించి చెప్పాలె.

భూమి పంచాదుల, కాలువ పనుల మనుషులను పిలిచి అడుగుతరు. వాళ్ళు చెప్పేది టైపు చేసి, వాళ్ళకే చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకుంటరు. అడుగున ఒక వాక్యం తప్పకుండ ఉంటది: ‘చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నారు.’ ఈ వాక్యం నేనెన్ని మార్లు కొట్టిన్నో లెక్క లేదు.

నేను కొత్తగ చేరినప్పుడు ఊరోళ్ళ మాటలను పుస్తకం తెలుగులకు మార్చి కొట్టేదాన్ని. ‘ఇచ్చిన’ అంటే ‘ఇచ్చినాను’, ‘పోలే’ అంటే ‘వెళ్ళలేదు’. బళ్ళె అట్లనే నేర్పిన్రు, మన మాట రాస్తే మార్కులు కోసేటోళ్ళు. నా మొదటి ఆఫీసరు పెద్దాయన. ఒకనాడు నేను కొట్టింది చదువుతుంటే ఎదురుంగ కూసున్న రైతు మొఖం చూసిండు. ఆ రైతుకు తను చెప్పింది తనకే సమజైతలేదు. ఆఫీసరు కాగితం పక్కన పెట్టి నాతోని నెమ్మదిగ అన్నడు: "అమ్మా, నువ్వు తెలుగు పంతులమ్మవు కావు. వాళ్ళు ఎట్లంటే గట్లనే కొట్టు." ఆనాటి సంది ఎట్లంటే గట్లనే కొట్టిన. తెలంగాణ వచ్చినంక గిది గొప్ప సంగతైంది, అంతకుముందు మాత్రం నన్ను చదువు రానిదనుకునేటోళ్ళు. అనుకుంటే అనుకోనీ అని ఊకున్న.

డబ్బాలు

నల్లగొండ దిక్కు ఒక కాలువ పని ఉండె. అప్పటి ఆఫీసరు ఊర్లల్ల విచారణ పెట్టి, ఎవరేం ఇస్తరు, ఎవరేం ఇయ్యరు అని అడిగి రాయించిండు. వాంగ్మూలాలన్నీ నేనే కొట్టిన, పాత సిస్టంల, పాత ఫాంటుతోని. తర్వాత పని ఆగిపోయింది. ఆ నడుమనే కొత్త జిల్లాలైనయి. ఫైళ్ళు మూటలు కట్టి లారీలెక్కించి ఏవి ఏ జిల్లాకో పంచిన్రు. మా కాలువ మూట ఎక్కడ దిగిందో ఎవరికీ తెల్వది. మేము లెటర్లు రాస్తనే ఉన్నం, వాళ్ళు దేవులాడుతున్నం అంటనే ఉన్నరు. కాగితాలు పోయినయి, కంప్యూటర్ల కాపీలు మిగిలినయి.

కొత్త కంప్యూటర్లొచ్చినంక పైనుంచి మాట వచ్చింది, పాతవన్నీ యూనికోడ్‌లకు మార్చాలె అని. మంచి మాటే. ఆ పని స్రవంతి మీద పడ్డది. స్రవంతిది దేవరకొండ దిక్కు, కాంట్రాక్టు మీద చేరిన ఆపరేటరు, చెయ్యి మస్తు ఫాస్టు. మార్చెటందుకు ఒక కన్వర్టరు దొరికింది. పాత ఫైలును అందుల ఏస్తే తెలుగు యూనికోడ్ అయి బయటికొస్తది. అయితే దానికి మా ఫాంటుల కొన్ని అక్షరాలు తెల్వయి. తెల్వని కాడల్లా చిన్న చతురం డబ్బా పెట్టి చేతులు దులుపుకునేది. ‘యా’ల దీర్ఘం మింగి ‘య’ చేసేది, ‘లె’ తెల్వది దానికి, ‘లే’ తెల్వది.

ఇక్కడ మన మాటల సంగతి జర చూడుండ్రి. మా దిక్కు ‘ఇయ్యాలె’ అంటే ఇవ్వాలి అని. ‘ఇయ్యలే’ అంటే ఇవ్వలేదు అని. చెవికి రెండూ పక్కపక్కన ఉంటయి, అర్థం మాత్రం ఉల్టా. కన్వర్టరు రెండిటినీ ఒక్కతీరుగనే చేసింది. ‘ఇయ్యాలె’ ఉన్నకాడ ‘ఇయ్య□’, ‘ఇయ్యలే’ ఉన్నకాడ గూడ ‘ఇయ్య□’.

ఫైళ్ళేమో కుప్పలు, పైనుంచి ఫోన్లు. స్రవంతి కొన్ని చదివి చూసింది. నష్టపరిహారం ఇయ్య□, ఇంటి జాగ ఇయ్య□, పిల్లగానికి కొలువు ఇయ్య□. అన్ని కాడల ‘ఇయ్యాలి’ అంటే సరిపోయింది. ఆ పిల్ల అన్ని ఫైళ్ళల్ల ‘ఇయ్య□’ వెతికి ‘ఇయ్యాలి’ పెట్టి, రీప్లేస్ ఆల్ అని ఒక్క నొక్కు నొక్కింది. పాత ఫైళ్ళ పేరుతోనే సేవ్ చేసింది. పని గడువు లోపలే అయింది, మీటింగుల మెచ్చుకున్నరు గూడ.

సత్తెమ్మ

కాలువ పని మల్ల మొదలైంది. సర్వేయరుకు వాంగ్మూలాల ప్రింట్లు పోయినయి. ఆయన రాళ్ళు పాతుకుంట పోయిండు.

ఒకనాడు పొద్దున సత్తెమ్మ అనే ఆమె గోనెసంచి చంకల పెట్టుకొని ఆఫీసుకొచ్చింది. నా ఈడే ఉంటది. ఊర్ల బస్సెక్కి నార్కట్‌పల్లి కాడ మారి వచ్చిందట. సంచి విప్పి నా బల్ల మీద ఒక రాయి పెట్టింది. చిన్న గుండ్రాయి, మీద ఎర్ర రంగు పూసి ఉన్నది. ఇది నా బాయి గడ్డ మీద పాతిన్రు, మీ వస్తువు మీరే తీస్కోండ్రి అన్నది. సర్వే రాయి పీకుడు నేరం అని సర్వేయరు ఎగిరిండు. ఆమె ఆయన దిక్కు చూడను గూడ చూడలే.

ఆమెకు ఉన్నది గుట్ట పక్కన కొంత చెల్క, అంటే మెట్ట భూమి, కింద ఒక బాయి, బాయి కింద ఇంత వరి మడి. చెల్క కాలువకు ఇస్తనన్నది. బాయి కాడి జాగల కాలువ రాదు, తవ్విన మన్ను పోసెటందుకు అడిగిన్రు. మన్ను పోస్తే బాయి పూడుకపోతది. మా దిక్కు బోర్లు ఎండిపోయిన ఏండ్లల్ల గూడ ఆ బాయిల నీళ్ళుండెనట, పక్క పొలాలోళ్ళ గొడ్లు గూడ ఆడనే తాగినయట. బాయి పోతే నేను కూలికి పోవాలె, గంతే అన్నది సత్తెమ్మ. ఏడ్వలే, మొత్తుకోలే. మన్ను తీసే మిషిను ఊరి బయటికొచ్చి నిలబడ్డది, ఇయ్యాల్నో రేపో పని మొదలు పెడ్తదని చెప్పింది.

మా ఆఫీసరు మేడం హైదరాబాద్ నుంచి వచ్చిన మనిషి, కొత్తగ చేరింది. మాట తక్కువ, పని ఎక్కువ. ప్రింటు తెప్పించి చదివింది. ‘చెల్క ఇచ్చిన. బాయి కాడి జాగ ఇయ్యాలి.’ అడుగున మామూలు వాక్యం, చదివి వినిపించగా విని సరియని ఒప్పుకొన్నారు. సర్వేయరు ధైర్యం తెచ్చుకున్నడు. చూసిన్రా మేడం, ఆమెనే ఇయ్యాలన్నది అన్నడు.

సత్తెమ్మ నా దిక్కు తిరిగింది. "టైపమ్మా, నాడు కొట్టింది నువ్వే గద. నేనేమన్న?"

నిజం చెప్తున్న, నాకు యాదికి లేదు. ఆ విచారణల ఎంతమందో చెప్పిన్రు, ఎవరేమన్నరో ఎట్ల యాదుంటది? యాదికున్నదని అంటే ఆమెకు మేలయ్యేది గని, అబద్ధం అయ్యేది. మేడం చేతులకెళ్ళి ప్రింటు తీసుకొని మల్ల చదివిన. చదువుతుంటే నాలిక ఒక్క కాడ తట్టుకున్నది. ‘ఇయ్యాలి’. నేను ‘లి’ ఎన్నడూ కొట్ట. ఎవరన్న నోటితోని ‘ఇయ్యాలి’ అంటరా మా ఊర్లల్ల? అంటే ‘ఇయ్యాలె’ అనే అంటరు, నా వేళ్ళు గూడ గదే కొడ్తయి. ముందు వాక్యం ‘ఇచ్చిన’ అని ఊరి మాట, వెనుక వాక్యం ‘ఇయ్యాలి’ అని బడి మాట. ఒక్క నోట్ల రెండు తీర్ల మాట రాదు. ఇది నా చెయ్యి కాదు మేడం అన్న.

స్రవంతి ముందటికొచ్చింది. డబ్బాల ముచ్చట, రీప్లేస్ ఆల్ ముచ్చట అప్పుడే, అందరి ముందట చెప్పింది. నాకు కోపం నషాళానికెక్కింది. అయినా ఆ పిల్ల దాచిపెట్టలే, అది చూసి నోరు మూసుకున్న. తర్వాత ఆమె నాతోని ఒక మాట అన్నది: "ఇంట్ల నేను గూడ ఇయ్యలే అనే అంట మేడమ్. కుర్చీల కూసున్నంక ఆ మాట యాదికే రాలే." ఆ మాటకు నా కోపం సగం దిగింది. మిగిలిన సగం మా అందరికి చదువు చెప్పిన బళ్ళ మీదికి పోయింది.

మా సీట్లల్ల ఒకరిద్దరు నన్నే అన్నరు. పుస్తకం తెలుగుల ‘ఇవ్వలేదు’ అని కొడితే ఈ గోసే ఉండకపోవు గద అని. ఆ మాటల కొంత నిజమున్నది, కాదన. నేను మాత్రం ఒప్పుకోలే, ఇప్పటికీ ఒప్పుకోను. డబ్బా కనిపించినకాడ ఆగి అడగాలె. మనకు తెల్వనిది తెలిసినట్టు నింపుడే తప్పు, ఆమె మాట్లాడిన మాట తప్పెట్లయితది?

కండెం గది

నేను కొట్టిన అసలు ఫైళ్ళున్న పాత మిషిన్లు కండెం గదిల ఉండె. అంటే పనికిరానివని రాసి పడేసిన సామాన్ల గది. మేడం మన్ను తీసే మిషినోళ్ళకు ఫోను చేసి మేము చెప్పేదాక ముట్టొద్దన్నది, మాకు ఆ గది తాళం ఇప్పించింది. నేనూ స్రవంతీ పోయి విరిగిన కుర్చీలు జరిపి నా పాత మిషిను బయటికి గుంజినం. ఎలుకలు వైరు కొరికినయి. వేరే వైరు పెట్టి ఆన్ చేస్తే చానసేపు గురగుర అని ఆఖరికి తెరుసుకున్నది. తేదీ ఏదో పాత సంవత్సరం చూపెట్టింది.

ఫైలు ఉన్నది. ఫాంటూ ఉన్నది. తెరిస్తే సక్కని తెలుగు. ‘చెల్క ఇచ్చిన. బాయి కాడి జాగ ఇయ్యలే.’

నాకు కండ్లల్ల నీళ్ళొచ్చినయి, సిగ్గేముంది చెప్పనీకి. స్రవంతి అయితే ఏడ్చేసింది. సత్తెమ్మ గుమ్మం కాడ నిలబడి మా ఇద్దరిని చూసి, మీకేమైందే అన్నది.

నేను మేడం దగ్గరికి ఉరికిన, ఇంక ముచ్చట తేలిపోయిందని. ఆమె స్క్రీను చూసి తలూపి, ఇది మనకు తెలిసెటందుకు సరిపోతది, ఫైల్ల పెట్టెటందుకు సరిపోదన్నది. సంతకం లేని కంప్యూటరు కాపీని రేపు ఎవరన్న నమ్మమంటే ఏం చేస్తరని అడిగింది. మనిషి ఎదురుంగనే ఉన్నది గద, మల్ల ఆమెనే అడుగుదాం అన్నది. నాకు ఆ ఆలోచన రాలే. అంతసేపు మిషిన్ల చుట్టు తిరిగిన, మనిషిని అడగాలని తట్టలే.

చదివి వినిపించితిమి

మేడం రూముల కూసున్నం. కొత్త కంప్యూటరు, లినక్సు, యూనికోడ్. కొట్టేది నేనే అనుకొని కుర్చీ జరుపుకున్న. మేడం స్రవంతిని కూసోమన్నది.

చెల్క సంగతి అడిగిన్రు, ఇచ్చిన అన్నది సత్తెమ్మ. బాయి కాడి జాగ సంగతి అడిగిన్రు. సత్తెమ్మ కొంగు సదురుకొని, స్రవంతి వేళ్ళ దిక్కు చూసుకుంట, ఒక్కొక్క మాట ఆగి ఆగి చెప్పింది.

"నాడు ఇయ్యలే. ఇయ్యాల ఇయ్య. రేపు గూడ ఇయ్య."

బయటి జిల్లాలోళ్ళకు ఒక మాట. మా దిక్కు ‘ఇయ్యాల’ అంటే ఈ దినం. ‘ఇయ్య’ అంటే ఇవ్వను. స్రవంతి ఒక్క అక్షరం మార్చకుండ కొట్టింది. ‘లే’ కాడ ఆగి, సరిగ్గ పడ్డదా అని రెండుసార్లు చూసుకున్నది. మేడం ప్రింటు తీసి చదవమన్నది. స్రవంతి నిలబడి గట్టిగ చదివింది. సత్తెమ్మ తలొంచి విని, గంతే, నేనన్నదే అని వేలిముద్ర ఏసింది.

అప్పుడు నాకు తోచింది. రీప్లేస్ ఆల్ కొట్టినంక గూడ ప్రతి ఫైలు అడుగున ‘చదివి వినిపించగా’ అనే వాక్యం అట్లనే ఉండె. మారిన మాటలను మాత్రం ఎవరికీ చదివి వినిపించలే. సిస్టం మారినా, ఫాంటు మారినా, ఒక్క అక్షరం మారినా, ఆ వాక్యం అబద్ధమైపోతది. మల్ల చదివి వినిపించేదాక అది నిజం కాదు. మేడం గూడ గదే అన్నది. తర్వాత మార్చిన వాంగ్మూలాలన్నీ ఊర్లకు తీస్కపోయి చెప్పినోళ్ళకే చదివి వినిపించినం. ఇంకా కొందరివి ఉల్టా ఉండె, దిద్దినం. నేను కొలువుల ఉన్నన్నాళ్ళు చేసిన పనులల్ల నాకు బాగ నచ్చింది అదే.

మేడం సర్వేయరును పిలిచి బాయి కాడి రాళ్ళు తీసెయ్యమన్నది, మన్ను పోసేది చెల్క పక్కకు మార్చమన్నది. ఆ బాయి ఇప్పటికీ ఉన్నది, మడి ఉన్నది. ఎర్ర రంగు రాయి మాత్రం సత్తెమ్మ నా బల్ల మీదనే ఇడిచిపెట్టింది, రిటైరయ్యేదాక ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండ దాన్నే పెట్టుకున్న.

ఆనాడు అందరం లేస్తుంటే స్రవంతి ఆగమన్నది. కన్వర్టరులకెళ్ళి మొట్టమొదట వచ్చిన కాపీ ఒకటి ఆమె దగ్గర మిగిలింది, డబ్బాలు నింపకముందుది. దాన్ని తెరిచి సత్తెమ్మ వాక్యం కాడికి పోయింది. ‘బాయి కాడి జాగ ఇయ్య□.’ ఆ డబ్బా మీద వేలు పెట్టి తుడిపేసింది. స్క్రీను మీద ‘ఇయ్య’ అని మిగిలింది. ఏమీ నింపకపోయినా సరిపోయేది మేడమ్ అన్నది నాతోని.

సత్తెమ్మకు చదువు రాదు. అక్కడేమున్నదని అడిగింది. స్రవంతి చదివి వినిపించింది: "బాయి కాడి జాగ ఇయ్య."

సత్తెమ్మ ఖాళీ గోనెసంచి మడుసుకుంట అన్నది, "మల్ల మొదటిసంది నేనేమంటున్న?"